1987 నాటి మాన్‌స్టర్ ట్రక్‌లో ముందు మార్చాల్సింది మోటార్ కాదు

పాత ఆర్‌సీ మాన్‌స్టర్ ట్రక్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని బ్రష్‌లెస్ మోటార్ ధరలు వెతకడం. ఎన్ని కేవీ, ఎన్ని సెల్స్, టాప్ స్పీడ్ ఎంత... ఫోన్ కొనేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్లు చూసే అలవాటు ఇక్కడికీ వచ్చేస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. వింటేజ్ బండి మీద పెట్టే మొదటి రూపాయి మోటార్ మీద పెడితే దండగే. ఆఖరి రూపాయి పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ఊరికే మాట్లాడుకోకుండా ఒక బండినే తీసుకుందాం. టామియా లంచ్‌బాక్స్, 1987లో వచ్చింది. పసుపు రంగు వ్యాన్ బాడీ, దాని కింద సైజుకి అస్సలు సంబంధం లేని బెలూన్ లాంటి టైర్లు. 1/12 స్కేల్, రియర్ వీల్ డ్రైవ్, 540 సైజు మోటార్. అమెరికాలో బాబ్ చాండ్లర్ తన ఫోర్డ్ ఎఫ్-250ని బిగ్‌ఫుట్‌గా మార్చి, 1981లో పాత కార్లని తొక్కించాక మొదలైన పిచ్చి ఇది. ఐదారేళ్లలో జపాన్‌లోని షిజువోకా దాకా పాకింది. 1986లో బ్లాక్‌ఫుట్, మాన్‌స్టర్ బీటిల్, 1987లో లంచ్‌బాక్స్, క్లాడ్ బస్టర్ వరసగా దిగిపోయాయి. లంచ్‌బాక్స్‌ని టామియా 2005లో మళ్లీ విడుదల చేసింది, డిజైన్‌లో పెద్దగా మార్పు లేకుండానే. నా టేబుల్ మీద ఉన్నది ఆ రీ-రిలీజే.

ఈ బండి స్పెక్ షీట్ చూస్తే నవ్వొస్తుంది. డ్యాంపర్లలో ఆయిల్ ఉండదు, స్ప్రింగులూ రాపిడీ తప్ప. చాలా చోట్ల బేరింగ్‌లకి బదులు ప్లాస్టిక్ బుషింగ్‌లు. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ, బరువంతా వెనక. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మలుపులో కాస్త స్పీడ్ ఎక్కువైతే బోర్లా పడుతుంది. కానీ దీన్ని నడిపినంత సేపూ మన మొహం మీద నవ్వు పోదు. ఆ నవ్వు పోకుండా బండిని బాగుచేయడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మోటార్ లెక్క చూద్దాం. కిట్‌తో వచ్చే బ్రష్డ్ 540 మోటార్ 7.2 వోల్టుల మీద లోడ్ లేకుండా నిమిషానికి సుమారు 15,000 సార్లు తిరుగుతుంది. దాని స్థానంలో 3000 కేవీ బ్రష్‌లెస్ పెట్టి, ఫుల్ ఛార్జ్ అయిన 2ఎస్ లైపో తగిలిస్తే 3000 ఇంటూ 8.4, అంటే 25,200. 3ఎస్ అయితే ఇంకా పైకి. పోనీ పాత బ్రష్డ్ మోటార్‌కే 3ఎస్ ఇద్దామా అంటే, మోటార్ ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. 7.2 నుంచి 11.1కి వెళ్తే దాదాపు 2.4 రెట్లు. ఆ శక్తంతా ఎక్కడికి పోవాలి? 1987లో ఆరు నికెల్-కాడ్మియం సెల్స్‌ని దృష్టిలో పెట్టుకుని గీసిన గేర్‌బాక్స్‌లోకి, స్ప్రింగుల మీద ఊగే యాక్సిల్‌లోకి, ప్లాస్టిక్ బుషింగ్‌లోకి.

పాత కోడ్‌బేస్ మీద పనిచేసిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సర్వర్‌కి ర్యామ్ పెంచితే స్లో క్వెరీ బాగుపడదు, కాసేపు దాక్కుంటుంది. బాటిల్‌నెక్ ఎక్కడుందో చూడకుండా ఎక్కడో పవర్ పెంచితే, సిస్టమ్‌లో నెక్స్ట్ బలహీనమైన ముక్క ఏదో అది విరుగుతుంది. మా టీమ్‌లోనే ఒకతను ఇదే బండికి నేరుగా 3ఎస్, బ్రష్‌లెస్ పెట్టాడు. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టెస్ట్. మొదటి ఫుల్ థ్రాటిల్‌కే బండి వెనక్కి పల్టీ కొట్టి, పైకప్పు మీద నాలుగు మీటర్లు జారింది. వాచ్‌మన్ కూడా నవ్వాడు. ఆ తర్వాత అతను రిమోట్‌లో థ్రాటిల్‌ని 40 శాతానికి లిమిట్ చేసి నడుపుతున్నాడు. అంటే డబ్బు పెట్టి కొన్న పవర్‌ని సాఫ్ట్‌వేర్‌లో కోసేశాడన్నమాట. ఇప్పుడు ఆ బండి మామూలు మోటార్‌తో ఉన్న నా బండితో సమానంగా వెళ్తుంది, కాకపోతే ఖర్చు మూడింతలు.

మరి ముందు ఏం మార్చాలి? బేరింగ్‌లు. ఇంత బోరింగ్ సమాధానం చెప్పినందుకు తిట్టుకోవద్దు. చక్రాల్లో, గేర్‌బాక్స్‌లో ఉండే బుషింగ్ అంటే షాఫ్ట్ ప్లాస్టిక్ రింగ్‌లో రాసుకుంటూ తిరగడమే. దుమ్ము చేరితే అది సాండ్‌పేపర్‌లా పనిచేసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, షాఫ్ట్ ఊగుతుంది, గేర్ల పళ్లు సరిగ్గా కలవవు. గేర్లు అరిగిపోవడానికి చాలాసార్లు మూలం మోటార్ కాదు, ఈ ఊగుడే. టామియా వాళ్లు 1150 అని పిలిచే సైజు, అంటే 11 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 5 లోపలి వ్యాసం, 4 మందం. దీన్నే బేరింగ్ షాపులో ఎంఆర్115 అంటారు. ఇది తెలియక చాలామంది ఆర్‌సీ బ్రాండ్ పేరుతో అమ్మే ప్యాకెట్లని షిప్పింగ్, కస్టమ్స్ కట్టి మరీ తెప్పించుకుంటారు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట బేరింగ్‌లు అమ్మేవాళ్లని ఈ కొలతలు చెప్పి అడిగి చూడండి, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో వెతకండి. బేరింగ్‌లు వేశాక చక్రాన్ని వేలితో తిప్పి చూస్తే తేడా కళ్లకే కనిపిస్తుంది. అదే బ్యాటరీతో బండి ఇంకాస్త ఎక్కువసేపు నడుస్తుంది, మోటార్ తక్కువ వేడెక్కుతుంది.

రెండోది స్పీడ్ కంట్రోలర్. ఒరిజినల్ 1987 బండి మీ చేతిలో ఉంటే ఇదే మొదటిది అవ్వాలి, ఎందుకంటే ఇక్కడ విషయం సరదాది కాదు, భద్రతది. అప్పటి కిట్‌లలో ఉండేది మెకానికల్ స్పీడ్ కంట్రోల్. ఒక సర్వో ఒక ఆర్మ్‌ని తిప్పుతుంది, ఆ ఆర్మ్ రాగి కాంటాక్టుల మీద జరుగుతుంది. తక్కువ స్పీడ్‌లో కరెంట్ ఒక రెసిస్టర్ గుండా వెళ్లి, మోటార్‌కి అక్కర్లేనిదంతా వేడిగా పోతుంది. మన ఇళ్లలో ఫ్యాన్‌కి ఒకప్పుడు ఇటుకంత రెగ్యులేటర్ డబ్బాలు ఉండేవి గుర్తుందా? ఫ్యాన్ ఒకటో నంబర్‌లో పెడితే డబ్బా వెచ్చగా అయ్యేది. అదే కథ. ఈఎస్‌సీ అలా కాదు, కరెంట్‌ని సెకనుకి వందలు, వేల సార్లు ఆన్-ఆఫ్ చేసి స్పీడ్ తగ్గిస్తుంది. థ్రాటిల్ నున్నగా పలుకుతుంది, బ్రేక్ దొరుకుతుంది, పైగా ఒక సర్వో మిగులుతుంది.

అసలు పాయింట్ వేరే ఉంది. మెకానికల్ స్పీడ్ కంట్రోల్‌కి బ్యాటరీలో ఎంత వోల్టేజ్ మిగిలిందో తెలియదు. నికెల్ బ్యాటరీకి అది పెద్ద సమస్య కాదు, బండి మెల్లగా ఆగిపోతుంది, ఛార్జ్ చేస్తాం. లైపో సెల్ 3 వోల్టుల కిందకి పడితే మాత్రం లోపల దెబ్బతింటుంది. ఆ తర్వాత ఛార్జ్ చేసేటప్పుడు ఉబ్బడం, అరుదుగా మంట. కాబట్టి పాత మెకానికల్ స్పీడ్ కంట్రోల్‌కి లైపో తగిలించడం అనే ఆలోచనే వద్దు. ఈఎస్‌సీ కొన్నప్పుడు కూడా లో-వోల్టేజ్ కట్-ఆఫ్ లైపో మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. కొన్నిట్లో చిన్న జంపర్ మార్చాలి, అది ఏ మోడ్‌లో వస్తుందో కంపెనీని బట్టి ఉంటుంది. బ్యాలెన్స్ ఛార్జర్ తప్ప ఇంకోటి వాడొద్దు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవడం ఫోన్‌తో చేస్తాం కదా అని దీనితో చేయకండి. ఫోన్‌లో కాపలా సర్క్యూట్ బ్యాటరీతోనే వస్తుంది, ఈ ప్యాక్‌లలో చాలావాటికి ఆ కాపలా ఛార్జరూ మీరే. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర పెట్టండి.

అసలు లైపో కావాలా అంటే, నిజం చెప్పాలంటే అవసరం లేదు. మంచి నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాక్‌తో లంచ్‌బాక్స్ తన పూర్తి స్వభావంతో నడుస్తుంది. కానీ పాత తెల్ల టామియా కనెక్టర్‌ని మాత్రం మార్చేయండి. ఎక్కువ కరెంట్ లాగితే అది వేడెక్కి కాంటాక్ట్ వదులైపోతుంది. ఎక్స్‌టీ60 కనెక్టర్లు, సిలికాన్ వైర్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. సోల్డరింగ్ రాకపోతే నేర్చుకోడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఇక నాకు బాగా ఇష్టమైన మార్పు. లంచ్‌బాక్స్ నడిపిన ప్రతి ఒక్కరికీ తెలిసిన జబ్బు ఒకటుంది. గట్టిగా థ్రాటిల్ ఇస్తే వెనక చక్రాలు పట్టు దొరక్క టకటకటక అని ఎగురుతాయి, బండి కప్పలా గెంతుతుంది. కారణం చూడండి. మోటార్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ మొత్తం ఒకటే ముద్ద. ఆ ముద్ద ముందువైపు చాసిస్‌కి ఒక చోట పివట్ అయి ఉంటుంది, వెనక స్ప్రింగుల మీద కూర్చుంటుంది. చక్రాలు ముందుకి తిరగాలంటే గేర్‌బాక్స్ వెనక్కి తిరగాలని చూస్తుంది, న్యూటన్ మూడో సూత్రం. దాన్ని ఆపేది స్ప్రింగులు మాత్రమే. స్ప్రింగ్ నొక్కుకుంటుంది, చక్రం పట్టు మారుతుంది, స్ప్రింగ్ తిరిగి విసురుతుంది, మళ్లీ మొదలు. ఊపుని మింగేసేది ఏదీ లేదు కాబట్టి అది ఆగదు.

దీనికి దశాబ్దాలుగా హాబీయిస్టులు చేస్తున్న మందు పేరు ఫిఫ్త్ షాక్. నాలుగు మూలలా ఉన్నవాటికి తోడు గేర్‌బాక్స్‌కీ చాసిస్‌కీ మధ్య ఐదో డ్యాంపర్ ఒకటి, ఆయిల్ నింపినది. అది గేర్‌బాక్స్ తల ఊపడాన్ని మెల్లగా చేస్తుంది, అంతే. ఒక్క డ్యాంపర్, రెండు బ్రాకెట్లు. ఫలితం మాత్రం కొత్త మోటార్ కంటే ఎక్కువ. ఇంతకుముందు గెంతులాటలో వృథా అయిన శక్తి నేల మీదకి దిగుతుంది కాబట్టి బండి నిజంగానే వేగంగా కదులుతుంది. ఒక్క వాట్ కూడా పెంచకుండా. వీలీ కూడా పోదు, ఇంకా శుభ్రంగా లేస్తుంది. ఏ కంపెనీ డిపార్ట్‌మెంటూ కాదు, ఇంట్లో కూర్చుని నడిపేవాళ్లు మూలకారణం పట్టుకుని వేసిన ప్యాచ్ ఇది. ఇంజనీరింగ్ అంటే నాకు ఇదే.

బ్రాకెట్లని 3డీ ప్రింట్ చేసుకోవచ్చు, కాకపోతే పీఎల్ఏ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో వదిలేస్తే వంగిపోవడం ఖాయం. పీఈటీజీ నయం. మోటార్‌కి ఆనుకుని ఉండే ముక్కైతే అల్యూమినియమే. గేర్లు ప్రింట్ చేసుకోవచ్చా అని అడక్కండి.

స్టీరింగ్ గురించి ఎక్కువ చెప్పను. మెటల్ గేర్ సర్వో, గట్టి సర్వో సేవర్. పాత 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ రిమోట్ ఉంటే దాన్ని దాచిపెట్టి 2.4 గిగాహెర్ట్జ్‌ది వాడండి. అయిపోయింది.

ఇప్పుడు గొడవ వచ్చే విషయానికి వద్దాం. ఈ మార్పుల్లో నేను చెప్పినవన్నీ స్క్రూ విప్పితే వెనక్కి వచ్చేవి. బేరింగ్ తీసి బుషింగ్ పెట్టొచ్చు, ఈఎస్‌సీ తీసి పాతది బిగించొచ్చు. ఒక కమిట్‌ని రివర్ట్ చేసినట్టు. కానీ ఒరిజినల్ 1987 బాడీకి ఎల్ఈడీల కోసం డ్రిల్ పెట్టడం, పెద్ద బ్యాటరీ పట్టడానికి చాసిస్‌ని రోటరీ టూల్‌తో కోయడం, ఇవి మెయిన్ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్. హిస్టరీ పోయినట్టే. అప్పటి ముక్కలు ఇక ఎప్పటికీ పెరగవు, తగ్గుతాయంతే. రీ-రిలీజ్ కిట్ దొరుకుతున్నప్పుడు ఒరిజినల్‌ని కోయడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. కోయాలనిపిస్తే కొత్తది కొని కోయండి. ఒరిజినల్‌కి బేరింగ్‌లు వేసి, పాత భాగాలని లేబుల్ రాసిన జిప్ కవర్‌లో పెట్టి, మెల్లగా నడపండి. అద్దాల బీరువాలో పెట్టి అసలు నడపకపోవడం కూడా నాకు నచ్చదు. ప్లాస్టిక్, రబ్బరు బీరువాలో ఉన్నా ముసలివవుతాయి.

దీనికి గట్టి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. అదే క్లాడ్ బస్టర్. అదే 1987లో వచ్చిన టామియా బండి, ఫోర్ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ స్టీరింగ్, ఒక్కో యాక్సిల్‌కి ఒక్కో మోటార్ చొప్పున రెండు 540 మోటార్లు. స్టీరింగ్ సర్వో చాసిస్ మీద, దాన్నుంచి యాక్సిల్‌కి పొడవాటి రాడ్లు. సస్పెన్షన్ కదిలినప్పుడల్లా చక్రాలు వాటంతటవే తిరిగేవి. హాబీయిస్టులు సర్వోని యాక్సిల్ మీదకి మార్చారు. తర్వాత చాసిస్ మార్చారు, లింకులు మార్చారు, షాక్‌లు మార్చారు. చివరికి కొన్ని రేస్ బండ్లలో టామియాది అని చెప్పుకోడానికి ఆ యాక్సిల్ గేర్‌బాక్స్‌లు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా సాలిడ్ యాక్సిల్ మాన్‌స్టర్ ట్రక్ రేసింగ్ దశాబ్దాల పాటు ఆ యాక్సిల్స్ మీదే నడిచింది. విచ్చలవిడిగా కోయకపోతే ఆ ఆట పుట్టేదే కాదు. కరెక్టే, ఒప్పుకుంటా. కానీ వాళ్లు కోసినప్పుడు అది వింటేజ్ కాదు, షాపులో దొరికే బండి. పైగా వాళ్లు ఒక నిర్దిష్టమైన సమస్యని వెంటాడుతూ కోశారు, స్పెక్ షీట్‌ని కాదు.

చేతులు పెట్టే ముందు రెండు చిన్న విషయాలు, చాలా పాత బండ్లు వీటివల్లే పాడవుతాయి. ఒకటి, జపాన్ కిట్‌లలో స్క్రూ తలలు ఫిలిప్స్‌లా కనిపించే జేఐఎస్ రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల గుండ్రంగా అరిగిపోతుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, ఈ మొత్తం ప్రాజెక్ట్‌లో అన్నిటికంటే మంచి ఖర్చు అదే కావచ్చు. రెండు, ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూని తిరిగి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒక చోట చిన్నగా టిక్‌మని పాత గాడిలోకి దిగుతుంది. అక్కణ్నుంచి బిగించండి. లేకపోతే ప్రతిసారీ కొత్త గాడి కోస్తుంది, నాలుగోసారికి రంధ్రం లూజైపోతుంది. థ్రెడ్ లాకర్‌ని లోహం-లోహం మధ్య తప్ప వాడొద్దు, అది ఏబీఎస్ ప్లాస్టిక్‌ని పగలగొడుతుంది.

ఇవన్నీ అయ్యాక, ఒక నెల నడిపాక, ఇంకా స్పీడ్ చాలట్లేదు అనిపిస్తే అప్పుడు మోటార్ కొనండి. నేనైతే బ్రష్‌లెస్‌కి వెళ్లను, అదే 540 సైజులో టామియా అమ్మే స్పోర్ట్ ట్యూన్డ్ లాంటి కాస్త వేడి బ్రష్డ్ మోటార్‌తో ఆగుతా. కొనేముందు మీ ఈఎస్‌సీ టర్న్ లిమిట్ ఎంతో చూసుకోండి, మోటార్ టర్న్స్ దానికంటే తక్కువ ఉండకూడదు. పెట్టాక మొదటి ఐదు నిమిషాలకే ఆపి మోటార్ డబ్బా మీద వేలు పెట్టి చూడండి. రెండు సెకన్లు కూడా వేలు నిలవకపోతే చిన్న పినియన్ వేయడం కుదురుతుందేమో చూడండి, కుదరకపోతే పాత మోటారే మళ్లీ బిగించేయండి.